మూడు గిల్లి, ఒకటి వదిలి

హెలికాప్టర్ చప్పుడు కొండ అవతలికి పోయి సన్నబడేదాకా గీల కదలలేదు. ఆ తర్వాత తుపాకి ఎడమ భుజానికి తగిలించుకుని చుట్టూ ఒకసారి పరకాయించి చూసింది. ఎలుగుబంటి జాడ లేదు. ఎలుగే కాదు, ఏ జాడా లేదు.

పైన నేలంతా రాతిపువ్వు పట్టి నల్లబడ్డ రాళ్ళు. మంచుదిబ్బ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, దిబ్బ చుట్టూ వెడల్పాటి అంచు కుట్టినట్టు, రాళ్ళన్నీ ఒక్కసారిగా తెల్లబడ్డాయి. తోమి బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. మొన్నమొన్నటిదాకా మంచు కింద ఉన్న రాళ్ళు అవి. వాటిమీద ఇంకా ఏదీ పుట్టలేదు. నల్లరాళ్ళ మధ్య తిరిగే సాలీళ్ళు కూడా ఆ తెల్ల అంచు దాటి లోపలికి రావు. గీల ఇక్కడికి రావడం ఇది నాలుగో ఏడు. ఆ గీత దాటుతున్న ప్రతిసారీ, ఎవరో అప్పుడే పడుకుని లేచిన పక్కమీద, వెచ్చదనం చల్లారకముందే కాలు పెట్టినట్టు ఉంటుంది ఆమెకు.

రెనాటా అప్పుడే మోకాళ్ళమీదికి దిగింది. దక్షిణాన ఎక్కడో విశ్వవిద్యాలయంలో పని ఆమెకు. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆగస్టులోనూ వస్తుంది. మంచు అంచున తేలిన చచ్చిన నాచు గిల్లుకుని పోతుంది. ఊళ్ళో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరికీ నాచమ్మే. గీలకు ఆమె దగ్గర పని, ఎలుగులు రాకుండా కాపలా. ఏడాదికి పది రోజులు, దిబ్బకు మూడేసి రోజులు; ఈ ఏటికి ఇదే ఆఖరి దిబ్బ. ఆ పది రోజుల కోసం గీల మిగతా ఏడాదంతా చూస్తుంది. ఊళ్ళో ఆడదానికి తుపాకి పట్టుకుని ఇంతెత్తుకు రావడానికి ఇంకో దారి లేదు.

రెనాటా టేపు పరిచింది. మంచు అంచు నుంచి ఒక్క అడుగు. అంతకన్నా బయట ఉన్నది నిరుడు తేలిన నాచు, దాన్ని గాలి సగం తినేసి ఉంటుంది, అది పనికిరాదు. పటకారుతో ఒక కుదురు నేలనుంచి ఊడదీసి, మట్టి దులిపి, రేకులో చుట్టి, సంచిలో పెట్టి, సంచిమీద అంకె వేసింది. తర్వాత నోటుపుస్తకంలో గళ్ళు నింపింది. చోటు, ఎత్తు, అంచునుంచి దూరం, ఏరినవారు. చివరి గడిలో ఎప్పుడూ తన పేరే.

"తొమ్మిదేళ్ళయింది ఏరబట్టి," అంది గీల. "ఇంటికి తీసుకెళ్ళి కూర వండుకుంటారా ఏం?"

"వయసు అడుగుతాను."

"చెబుతుందా?"

"నీకన్నా నాకన్నా నయం. ఒక్క ఏడు కూడా దాచుకోదు." రెనాటా నవ్వి మడమలమీద కూర్చుంది. "ఇది కొండమీంచి జారివచ్చిన మంచు కాదు గీలా. ఇక్కడే పుట్టింది. ఒక వేసవిలో మంచు కరగలేదు. మరుసటి ఏడు దానిమీదే కురిసింది, అదీ కరగలేదు. అలా పేరుకుని పేరుకుని నేలకు అతుక్కుపోయింది. అంగుళం కదలలేదు. అందుకే కింద నాచు ఎలా ఉన్నది అలాగే ఉండిపోయింది. మంచు కప్పేసిన ఏడే దాని చావు తేదీ."

"మరి ఏ ఏడు?"

"కిందివైపు అంచుల్లో ఆరువందల ఏళ్ళని తేలింది. ఇది ఎత్తు. వేసవులు చల్లబడ్డప్పుడు ముందు పట్టేది ఎత్తునే. ఎంత ముందు అన్నదే నాకు కావాలి." రెనాటా దిబ్బవైపు చూసింది. "తొందరగా కావాలి. మళ్ళీ వచ్చేసరికి ఇది ఉంటుందో ఉండదో."

మంచు కింద నీళ్ళు పోతున్నాయి. చెవి పెట్టి వినకపోతే, పక్క గదిలో ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. చెవి పెట్టి వింటే మటుకు నీళ్ళే.

ఒక వేసవిలో మంచు పోలేదన్న మాట గీలకు కొత్త కాదు. చిన్నప్పటినుంచీ విన్నదే. కాకపోతే ఆమె విన్నది మంచు సంగతిగా కాదు.

*

రెండోరోజు టీ పోసుకుని, కప్పు ఎడమచేత్తో పట్టుకుని అంచు వెంబడి నడుస్తూ, గీల ఒకచోట ఆగిపోయింది.

నాచు ఒక దుప్పటంత మేర తేలి ఉంది. గోధుమరంగు, తడి. దానిలో అక్కడక్కడ గుంటలు. చిటికెడు చిటికెడుగా పైభాగం పోయింది, అడుగు మాత్రం నేలను పట్టుకునే ఉంది. ఒక గుంట, దాని పక్కన ఒకటి, దాని పక్కన ఒకటి. తర్వాత ఒక కుదురు తాకకుండా వదిలేసి ఉంది. మళ్ళీ మూడు గుంటలు. మళ్ళీ ఒక కుదురు.

గీల కప్పులో టీ చల్లారిపోయింది.

దీపం వత్తికి నాచు ఎలా గిల్లాలో ఆమెకు నేర్పింది అత్త కౌనాక్. వేళ్ళతో పీకకూడదు, మెలిపెట్టి పైభాగమే తెంచాలి. మూడు గిల్లితే ఒకటి వదిలిపెట్టాలి, వచ్చే ఏడు దాన్నుంచి మిగతావి మళ్ళీ అల్లుకుంటాయి. అన్నీ గిల్లేసే ఆడదాన్ని అత్త ఆకలిగొన్న కుక్క అంటుంది.

గుంటల ముందు నాచు రెండుచోట్ల లోతుగా అణిగి ఉంది. పక్కపక్కనే, గుండ్రంగా. గీల కాసేపు చూసింది. అవేమిటో తెలుసుకోవడానికి ఆమె వాటి పక్కన మోకాళ్ళమీద కూర్చోవలసి వచ్చింది. లేచి చూస్తే ఆమె మోకాళ్ళ గుర్తులు కూడా అంతే ఎడంగా ఉన్నాయి.

"రెనాటా! ఒక్కసారి ఇటు రండి."

రెనాటా వచ్చింది, వంగి చూసింది, కెమెరాతో రెండు ఫొటోలు తీసింది. "బాతులు మేసినట్టున్నాయి."

"బాతులు ఇంత ఎత్తుకు రావు. వచ్చినా అవి పీకుతాయి. రెట్ట వేస్తాయి. ఇది చేత్తో గిల్లింది. వత్తి కోసం."

"ఆరేడువందల ఏళ్ళ కిందటి బాతుల సంగతి మనకేం తెలుసు?" అంది రెనాటా మంచిగానే. నోటుపుస్తకంలో ఒక మాట రాసుకుంది. గీల తల వంచి చదివింది. 'బాతుల మేత.'

"కావాలంటే మా అత్తను అడగండి."

"తప్పకుండా అడుగుదాం," అంటూ రెనాటా టేపు చుట్టుకుని తన చోటికి వెళ్ళిపోయింది. అడగననడానికి రెనాటాలాంటివాళ్ళు వాడే మాట అదేనని గీలకు నాలుగేళ్ళలో తెలిసింది.

ఆమె అక్కడే నిలబడింది. గుంటలు బయటినుంచి లోపలికి పోతున్నాయి. మూడు, ఒకటి. మూడు, ఒకటి. అలా పోయి పోయి మంచు అంచు కిందికి దూరాయి. తెంచిన మోళ్ళన్నీ ఒకే వైపుకు వాలి ఉన్నాయి. గీల చేతికున్న తొడుగు విప్పి, కుడిచేయి ఒక గుంటలో పెట్టి చూసింది. మణికట్టు అడ్డంగా తిరిగి, వేళ్ళు కుదరలేదు. ఎడమచేయి పెట్టింది.

సరిపోయింది. గీల చటుక్కున చేయి వెనక్కు లాక్కుంది.

*

మూడోరోజు పొద్దున్నే కిందినుంచి పొగమంచు లేవడం మొదలైంది. రెనాటా ఫోనులో పైలటుతో గట్టిగా మాట్లాడుతోంది. ముందు అనుకున్న సాయంత్రం కుదరదు, గంటలో వస్తాడు, సామాను సర్దుకోవాలి. గీల గుడారం మేకులు పీకుతూ పీకుతూ ఆగి, తుపాకి తీసుకుని అంచు దగ్గరికి పోయింది.

రాత్రికి రాత్రి మంచు అరడుగు వెనక్కి జరిగింది. కొత్తగా మూడు గుంటలు తేలాయి. ఒక కుదురు. దాని పక్కన బల్లపరుపు రాయి. రాయిమీద, ఆరబెట్టినట్టు, గిల్లిన నాచు పోగు. గాలికి పోకుండా పైన అరచేయంత ఇంకో రాయి బరువు పెట్టి ఉంది.

పోగు తర్వాత గుంటలు లేవు. నాచు తాకకుండా నిండుగా మంచు కిందికి పోయింది. గిల్లిన మనిషి ఇక్కడ ఆపేసింది. ఎటు వెళ్ళిందో మంచు ఇంకా చెప్పలేదు. అంచు కింద నీలంగా, చీకటిగా, చేయి పట్టేంత సందు ఉంది, లోపలినుంచి తడిరాయి వాసన వస్తోంది. గీల వంగలేదు.

"రెనాటా!"

రెనాటా ఫోను చెవికి పెట్టుకునే చూసింది.

"కుప్పగా ఉంది! రాయిమీద!"

"విడి నాచు వద్దు గీలా! నేలను పట్టుకుని ఉన్నదే కావాలి. విడిది గాలి ఎక్కణ్ణుంచి తెచ్చిందో ఎవరికి తెలుసు?"

"గాలి పైన రాయి కూడా పెట్టిందా? వచ్చి చూడండి. పది అడుగులు."

"టైము లేదు." రెనాటా అటు తిరిగింది. తిరుగుతూ ఇంకో మాట అంది. కసిరినట్టు కూడా కాదు, మామూలుగానే అంది. "నువ్వు ఎలుగుల సంగతి చూసుకోమ్మా."

గీల చుట్టూ చూసింది. ఎలుగులు లేవు. నాలుగేళ్ళలో ఎప్పుడూ లేవు.

పైనుంచి గులకరాయి కూడా తీసుకుపోనని ఆమె సంతకం పెట్టిన కాగితం రెనాటా సంచిలో ఉంది. అంతకుముందు ఈ పని చేసినామె దుప్పికొమ్ము ఒకటి దాచుకుందని మరుసటి ఏడు పిలవలేదు. ఆ ఖాళీలోనే గీల వచ్చింది. అదంతా గుర్తుండగానే గీల బరువు రాయి ఎత్తి పక్కన పెట్టింది. టీ డబ్బాలో మిగిలిన ఆకు మంచుమీద పారబోసింది. పోగు రెండు చేతులా ఎత్తి డబ్బాలో పెట్టింది. అది పిడికెడు కూడా లేదు. ఇంకో రెండు రోజులు గిల్లితే గానీ చలికాలానికి సరిపోదు అనుకుంది. అనుకున్నాక, ఎవరి చలికాలం గురించి అనుకుందో తెలియక, మూత గట్టిగా బిగించింది.

*

"ఏం తెచ్చావక్కా?" అంది అత్త కౌనాక్, గీల ఇంకా బూట్లు విప్పకముందే.

కౌనాక్‌కు ఎనభై ఒకటి. కోడల్ని అక్కా అంటుంది. ఆమె అక్క గీల పోయిన చలికాలంలోనే ఈ గీల పుట్టింది. పోయినామె పేరు పుట్టినపిల్లకు పెట్టారు. పేరుతోబాటు వరసా వచ్చింది. కోడలు అత్తను చెల్లీ అంటుంది, అవసరమైతే అక్కలాగే కసురుతుంది. కౌనాక్ కొడుకు లోసీని గీల పెళ్ళాడిన కొత్తలో ఊరంతా అతణ్ణి, పెద్దమ్మను కట్టుకున్నావేమిరా అని ఏడిపించింది. అతనిప్పుడు చేపలకని నాలుగు రోజులుగా పడవమీదే ఉన్నాడు.

"ఏం లేదు చెల్లీ. టీ డబ్బా."

"టీ వాసన కాదు," అంది ముసలామె.

గీల డబ్బాను కిటికీ అరమీద, చక్కెర వెనక పెట్టింది. దుప్పిమాంసం పొయ్యిమీద పెట్టి, పిండి తడిపి రొట్టె కాల్చింది. తింటూ, ఏమీ ఎరగనట్టు అడిగింది. "ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ చెబుతావు చూడు. పెద్దది దేనికి పైకి పోయింది?"

"ఎన్నిసార్లు చెప్పాను? వత్తి అయిపోయింది. చిన్నది గుడారంలో దీపం చూస్తోంది. పెద్దది నాచుకు పోయింది. వేసవే. మధ్యలో మంచు పట్టింది, ఆ ఏడు ఇక వదల్లేదు. తర్వాత ఏడూ వదల్లేదు. దీపం ఆరిపోయింది." కౌనాక్ ఎముకలో మూలుగు పీల్చి పక్కన పెట్టింది. "ఆ చిన్నదాని పేరే నాది. పెద్దదాని పేరు మా అక్కది, ఇప్పుడు నీది. నన్నడుగుతావేం? వెళ్ళినదానివి నువ్వు."

ముసలామె నవ్వింది. గీల నవ్వబోయి మానేసింది.

*

మర్నాడు పొగమంచు ఊళ్ళోకి దిగి కూర్చుంది. రెనాటా ఎక్కాల్సిన విమానం రాలేదు. పొద్దున గిన్నెలు తోముతూ గీల నిశ్చయించుకుంది. డబ్బా ఇచ్చేయాలి. పని పోతే పోనీ. ఇవ్వకపోతే ఆ పుస్తకంలో బాతులే మిగిలిపోతాయి. ముందు రెనాటా ఉందో లేదో చూసివద్దామని బస దగ్గరికి పోయింది. లేదు. దుకాణంలో చూసింది, లేదు. తిరిగి ఇంటికొచ్చి తలుపు తీసేసరికి, రెనాటా వంటింట్లో గీల కుర్చీలోనే కూర్చుని ఉంది. ఒళ్ళో కాగితాలు.

"నీ జీతం కాగితాలమీద సంతకానికి వచ్చాను. మీ అత్తగారు టీ ఇచ్చారు. గీలా, ఎంత బాగుందో ఇది! నేనెప్పుడూ వెలిగించగా చూడలేదు."

బల్లమీద బలపపురాతి దీపం వెలుగుతోంది. నెలవంక ఆకారం, ఒక అంచున సీల్ జంతువు కొవ్వు కరిగి నిండింది, రెండో అంచు పొడుగునా చిన్న చిన్న మంటలు వరసగా, పళ్ళలాగా నిలబడ్డాయి. విమానం రానంత పొగమంచు పట్టిన రోజున కౌనాక్ దీపం పెడుతుంది. పక్కన టీ డబ్బా, మూత తీసి ఉంది.

గీల బూట్లతోనే బల్ల దగ్గరికి వచ్చింది.

"వత్తి బాగా కుదిరిందక్కా," అంది కౌనాక్ తమ భాషలో. "దూదిగడ్డి ఇంత కలిపాను. ఇలాంటి నాచు నా చేతికి ఎప్పుడూ రాలేదు. చూడు, పొగ రాదు." తప్పు ఆమెది కాదు. ఇంట్లో అరమీద పొడినాచు ఉంటే ఈ ఊళ్ళో ఏ ముసలామె అయినా దాన్ని ఇంకేమనుకుంటుంది? "నా అక్క పైనుంచి తెచ్చిందని ఆమెకు చెప్పు."

"ఏమంటున్నారు?" అంది రెనాటా ముందుకు వంగి.

గీల మంటలవైపు చూసింది. వేరేగా చెప్పినా తెలిసేది కాదు. ముసలామెకు ఆ భాష రాదు, ఈమెకు ఈ భాష రాదు. మధ్యలో ఉన్నది తనొక్కతే.

"అక్క పైనుంచి తెచ్చిన నాచు అంటోంది. అక్కంటే నేను. నిన్న నేను కుప్ప అన్నాను చూశారా? అదే. డబ్బాలో తెచ్చాను. ఇవాళ మీకు ఇచ్చేద్దామని మిమ్మల్ని వెతుక్కుంటూ వెళ్ళాను. ఈలోగా ఈమె వత్తి చేసేసింది."

రెనాటా చేతిలో కప్పు బల్లమీద పెట్టేసింది. దీపంవైపు చూసింది.

"సంతకం పెట్టావు గీలా."

"పెట్టాను."

"పైన రాయి ఉందన్నావు."

"ఉంది."

"నేను రాలేదు," అంది రెనాటా. "పది అడుగులు."

కౌనాక్ ఇద్దరి మొహాలూ చూసి, నాచు ఎలా గిల్లాలో అడుగుతున్నారనుకుంది. లోసీ ఉన్నిటోపీ ఒళ్ళోకి లాక్కుని, దానిమీద కుడిచేత్తో చూపించింది. చిటికెడు పట్టి, మెలిపెట్టి, వదిలి. మూడుసార్లు. తర్వాత వేలు ఒక్కచోటు దాటి, మళ్ళీ మూడుసార్లు. ఉన్ని నూగు కుడివైపుకు లేచి నిలబడింది.

రెనాటా కెమెరా తీసింది. రెండోరోజు ఫొటో వెతికి, పెద్దది చేసింది. టోపీ పక్కన పెట్టింది. మూడు, ఒకటి. మూడు, ఒకటి. ఆమె వేలు తెరమీద కదిలి కదిలి ఆగింది.

"ఇవి ఎడమకు వాలి ఉన్నాయి," అంది మెల్లగా. "ఈమె గిల్లితే కుడికి లేచాయి."

గీల కెటిల్ ఎత్తి రెనాటా కప్పులో టీ పోస్తోంది. పోస్తూ, రెనాటా చూపు ఎక్కడ నిలిచిందో గమనించింది. కెటిల్ పట్టుకున్న తన ఎడమచేతిమీద.

కౌనాక్ టీ డబ్బాను బల్లమీద రెనాటావైపు తోసింది. అడుగున చిటికెడు నాచు మిగిలి ఉంది. "ఆమె ఇంట్లో దీపం లేదేమో పాపం. ఇది పట్టుకుపొమ్మను. ఒక్క వత్తికి వస్తుంది."

గీల చెప్పింది. రెనాటా నవ్వలేదు. జేబులోంచి రేకు తీసి, పటకారుతో ఆ చిటికెడూ ఒక్క పోగు రాలకుండా చుట్టింది. సంచిలో పెట్టి అంకె వేసింది. నోటుపుస్తకం తెరిచి, వెనక్కి తిప్పి, రెండోరోజు పుటలో ఒక మాటమీద గీత గీసింది. కొత్త వరసలో చోటు రాసింది. ఎత్తు రాసింది. అంచునుంచి దూరం గీలను అడిగి రాసింది. ఆఖరి గడి దగ్గర కలం కాసేపు ఆగింది. ఏరినవారు.

గీల అని రాసింది.

రాసి, పుస్తకం ఇటు తిప్పి చూపించింది, సరేనా అన్నట్టు. గీల ఆ పేరు చూసింది. తనకు కావలసింది అదే, నిన్నటిదాకా. ఇప్పుడు చూస్తే అది ఎవరి పేరో ఆమెకు చెప్పాలనిపించలేదు. సరేనంది.

"వచ్చే ఆగస్టుకు నువ్వే రావాలి," అంది రెనాటా గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ. "తుపాకికి ఇంకెవరినైనా పెట్టుకుంటాను. ఆ పోగు తర్వాత ఏముందో నువ్వు చూడాలి."

"మంచు చూపిస్తే చూస్తాను," అంది గీల.

తలుపు మూసుకుంది. పొగమంచులో రెనాటా అడుగులు నాలుగు వినబడ్డాయి, తర్వాత లేవు. గీల వచ్చి దీపం ముందు కూర్చుంది. ఒక చివర మంటనుంచి పొగ లేచింది. పుల్ల తీసుకుని ఎడమచేత్తో వత్తిని సర్దింది. మంట మళ్ళీ నిటారుగా నిలబడింది. మెలితిరిగిన నాచు సన్నగా ఎర్రబడుతోంది. కొవ్వు కాలుతున్న వాసనలో అడుగున ఇంకేదో వాసన ఉంది, తడిరాయి వాసన. నిన్న అంచు దగ్గర చీకటిసందులోంచి వచ్చింది అదే.

కౌనాక్ ముడుచుకుని కూర్చుని మంటలను చూస్తోంది. ఆ వెలుగులో మొహం మీది ముడతలు కనబడడం లేదు.

"ఇంత ఆలస్యమేంటక్కా?" అంది. గొంతు ఆమెది కాదు. ఏడుపు ఆపుకుంటున్న చిన్నపిల్లది. "ఆరిపోతుందని ఎంత భయపడ్డానో తెలుసా?"

గీల నోరు తెరిచింది. ఏం చెప్పాలో ఆమె ఇంకా అనుకోలేదు.

"మంచు పట్టింది చెల్లీ," అంది. "తగ్గుతుందేమోనని అక్కడే కూర్చున్నాను."